కట్ట కింద నివాసి

ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి 3

బావా,

ముందుగా ఒక మాట. ఇది పూర్తిగా ఇంటి ఉత్తరం కాదు, పూర్తిగా ఆఫీసు ఉత్తరమూ కాదు. మా దగ్గర కొత్త నియమం పెట్టారు. ఫైలు చుట్టాలదైతే దాని గురించి ఫోనులో మాట్లాడకూడదు. ఏదైనా రాసే అడగాలి, రాసింది ప్రతిదీ ఫైలులో పెట్టి పేజీ నంబరు వెయ్యాలి. కాబట్టి నన్ను తిట్టదలుచుకుంటే ఎడమవైపు కాస్త ఖాళీ వదిలి తిట్టు, కుట్టడానికి వీలుగా ఉంటుంది.

ఇన్నాళ్ళూ మేం పెద్ద ఆనకట్టల భద్రతనే చూసేవాళ్ళం. ఇప్పుడు సొంత భూముల్లో ఉన్న చిన్న మట్టికట్టల్ని కూడా లెక్కలోకి తెమ్మన్నారు. నా జాబితాలో పదిహేడోది నీ నర్సరీ పైనున్న కుంట కట్ట. ఎత్తు మూడు నిలువులు, పొడవు రెండు వందల అడుగులు. ఇరవై రెండేళ్ళ కిందట నేను కాలేజీ సెలవుల్లో నీతో కలిసి తట్టలు మోసి, రెండుసార్లు బురదలో పడ్డ కట్ట.

ప్రతి కట్టనూ మూడు తరగతుల్లో ఒకదాంట్లో వెయ్యాలి. మాది మొదటి తరగతేనని మీసం దువ్వకు. కట్ట తెగితే దిగువన గడ్డీ గాదం తడిసి ఊరుకుంటుందనుకుంటే మూడో తరగతి. రోడ్డో కరెంటు స్తంభమో పోతుందనుకుంటే రెండోది. మనిషి పోతాడనుకుంటే మొదటిది. మొదటి తరగతి వచ్చిందంటే నీ నెత్తిన పడ్డట్టే.

నీ కట్ట కింద పాత పంపు షెడ్డు, వాగు, ఆ తర్వాత తుప్పలు తప్ప ఏమీ లేవు. ఇల్లు ఎలాగూ పైన గట్టు మీద ఉంది. ఫారంలో పదకొండో ప్రశ్న చూడు: "కట్టకు దిగువన రోజూ నిద్రించే వ్యక్తులు ఎందరు?" లేరు అని రాసి సంతకం పెట్టి పంపు. మూడో తరగతి వేసేస్తాం. పదేళ్ళదాకా నిన్నెవరూ కదిలించరు.

అక్క ఎలా ఉంది? ఫోను చేస్తే బాగానే ఉన్నామని పెట్టేస్తోంది. తను ఇంత పొట్టిగా ఎప్పుడూ మాట్లాడదు.

నీ బావమరిది


నర్సరీ
మార్చి 11

బావమరిదీ,

ఫారం అందింది. పద్దెనిమిది ప్రశ్నలూ రెండేసిసార్లు చదివాను. కింద బడి ఉందా అని అడిగారు, పశువులు మేస్తాయా అని అడిగారు, ఎవరైనా గుడారం వేసుకుంటారా అని కూడా అడిగారు. కట్ట ఎలా ఉందని మాత్రం ఒక్కచోటా అడగలేదు. అంటే పుచ్చిపోయిన కట్ట కింద ఎవడూ లేకపోతే అది మంచి కట్ట, ఇనుములాంటి కట్ట కింద ఒకడు గురక పెడితే అది ప్రమాదం. ఈ పద్ధతి కనిపెట్టిన పెద్దమనిషిని ఒకసారి ఇటు పంపించు. టీ ఇచ్చి కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడతాను.

పదకొండో ప్రశ్నకు "ఒకరు" అని రాశాను. మగమనిషి, వయసు అరవై ఒకటి, ఎడమ మోకాలు తప్ప ఆరోగ్యం బాగుంది. ఫిబ్రవరి పదమూడు నుంచి పంపు షెడ్డులో మడత మంచం వేసుకుని పడుకుంటున్నాడు. ఫారం అడుగున అబద్ధం రాస్తే శిక్ష అని ఉంది. నేను అబద్ధాలు రాసే మనిషిని కాదని నీకు తెలుసు.

మీ అక్క బాగానే ఉంది. వేళకు భోజనం పంపిస్తోంది.

బావ


ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి 19

బావా,

ఒక్కరు చాలు. నీ కట్ట మొదటి తరగతిలో పడింది. ఇక విను. మొదటి తరగతి కట్టల్ని జూన్ చివరికి, అంటే వానలు ముదిరేలోపు, బలపరచాలి, లేదా కుంట ఖాళీ చెయ్యాలి. ఎండాకాలం మధ్యలో ఖాళీ చేస్తే నీ అంటు మొక్కలన్నీ ఏ నీళ్ళు తాగుతాయో నువ్వే చెప్పు. ఆ షెడ్డులో మనిషిని పైకి పంపించేస్తే అసలు గొడవే లేదు. మా పెద్ద ఇంజనీరుగారు కూడా అదే అన్నారు, మర్యాదగా చెప్పి చూడమన్నారు.

కాకపోతే ఆ వయసూ, ఆ మోకాలూ నాకెక్కడో బాగా తెలిసినట్టున్నాయి. ఇంకో సంగతి. ఇంట్లో ఉన్న మనిషికి భోజనం వడ్డిస్తారు గాని పంపిస్తారా?

నీ బావమరిది


పంపు షెడ్డు
మార్చి 27

బావమరిదీ,

సరే, నేనే. దాచి లాభం లేదు.

మీ అక్క రెండేళ్ళ నుంచి ప్రతి ఆదివారం కట్ట అడుగున ఊరే నీళ్ళని ఒక సీసాలో పట్టి, తేదీ రాసి, వంటింటి కిటికీలో పెడుతోంది. నీకు నేను చెప్పేదేముంది, ప్రతి మట్టికట్టా కొంచెం ఊరుతుంది. తేటగా ఊరితే భయం లేదు. మట్టితో ఊరిందంటే కట్ట లోపల్నుంచి కరుగుతున్నట్టు. ఫిబ్రవరిలో ఒక సీసా వెలుతురుకి పెట్టి చూసి, మట్టి వస్తోందంది. తేటగానే ఉందన్నాను. ఆవిడ మళ్ళీ అంది, నేను మళ్ళీ అన్నాను. మూడోసారికి నా నోట్లోంచి ఒక మాట జారింది. సీసా సరిగ్గా కడగలేదేమోనన్నాను.

ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. వేరేవాళ్ళు కడిగిన సీసాల్ని కూడా నమ్మకుండా మళ్ళీ కడిగిన మనిషి. "అంత నమ్మకముంటే దాని కిందే పడుకోండి" అంది. పడుకుంటానన్నాను. మడత మంచం చంకన పెట్టుకుని బయల్దేరితే అది గుమ్మంలో ఇరుక్కుంది. ఆవిడే వచ్చి ఒక కాలు వంచి బయటికి నెట్టింది. నన్ను వెళ్ళగొట్టడంలో కూడా సాయం చేసింది పాపం.

అప్పట్నుంచీ కట్ట చివర రాయి మీద క్యారేజీ పెట్టి వెళ్ళిపోతుంది. నేను తిని, కడిగి, అక్కడే పెడతాను. క్యారేజీ సరిగ్గా కడగలేదని ఇంతవరకూ అనలేదు.

ఇప్పుడు నా పరిస్థితి చూడు. పైకి వెళితే కట్ట మంచిది కాదని ఒప్పుకున్నట్టు. కిందే ఉంటే మీ ఆఫీసు దాన్ని ప్రమాదమంటుంది. ప్రమాదం కాదని చూపించడానికి నేనిక్కడ పడుకుంటే, నేనిక్కడ పడుకోవడం వల్లే అది ప్రమాదమైంది. ఈ వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను, ఎక్కడా తప్పు దొరకలేదు.

ఈ ఉత్తరానికి పేజీ నంబరు వెయ్యకుండా ఉండే దారేదైనా ఉంటే చూడు.

బావ


ఆఫీసు, మూడో అంతస్తు
ఏప్రిల్ 4

యజమానిగారికీ, దిగువ నివాసిగారికీ,

ఆర్యులారా,

మొదటి తరగతి కట్టలకు అత్యవసర ప్రణాళిక తప్పనిసరి. ప్రమాదం కనిపించిన వెంటనే యజమాని నివాసికి ఫోను చెయ్యాలి. నివాసి పదిహేను నిమిషాల్లో మెరక ప్రదేశానికి చేరాలి. దీన్ని ఒకసారి ఆచరణలో చేసి చూసి, ఇరువురూ విడివిడిగా సంతకాలు చేసి నివేదిక పంపగలరు. నివాసిగారి కోసం ఒక హెచ్చరిక బోర్డు జతచేస్తున్నాం. యజమాని వల్ల ఇబ్బంది ఏదైనా ఉంటే నివాసిగారు మాకు నిర్భయంగా ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఇట్లు, తమ విధేయుడు

బావా, పైన రాసింది చూసి నవ్వకు. ఇద్దరూ ఒకే మనిషని నేను పెద్ద ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన ఫారం తిరగేసి, గడులు రెండున్నాయయ్యా, గడికొక మనిషి ఉండాలని లేదు గాని గడికొక సంతకం ఉండాలి అన్నారు. నీ కిందటి ఉత్తరం 23, 24 పేజీలు. ఆయన సాంతం చదివారు. సీసా మాట దగ్గర పెన్సిలుతో "అనకుండా ఉండాల్సింది" అని రాశారు.

ఇంటికి వెళ్ళు బావా. అక్క కాళ్ళు పట్టుకోమనడం లేదు, మంచం పట్టుకుని వెళ్ళమంటున్నాను.


పంపు షెడ్డు
ఏప్రిల్ 15

బావమరిదీ,

నివేదిక కింద రాస్తున్నాను.

ఉదయం పది గంటలకు యజమాని కట్ట ఎక్కి ప్రమాదం గమనించాడు. పదీ రెండుకు నివాసికి ఫోను చేశాడు. నంబరు బిజీ. మళ్ళీ చేశాడు. మళ్ళీ బిజీ. ఫోను కలవకపోతే స్వయంగా వెళ్ళి చెప్పాలని ప్రణాళికలో ఉంది కాబట్టి మోకాలు పట్టుకుంటూ కట్ట దిగి షెడ్డుకి వచ్చాడు. నివాసి లోపల లేడు. యజమాని కాసేపు చూసి, కాళ్ళు నొప్పెట్టి మంచం మీద కూర్చున్నాడు. దాంతో నివాసి దొరికాడు. విషయం చెబితే, యజమాని పనితనం మీద తనకు పూర్తి నమ్మకముందనీ, కదిలే ప్రసక్తే లేదనీ నివాసి అన్నాడు. యజమాని బతిమాలాడు. నివాసి మొండికేశాడు. పదీ నలభైకి ఇద్దరూ టీ తాగారు. నివాసికి యజమాని మీద ఫిర్యాదులేమీ లేవు.

యజమానిగా కుడిచేత్తో, నివాసిగా ఎడమచేత్తో సంతకం పెట్టాను. మీరు పంపిన "ఇక్కడ నివసించరాదు" బోర్డు బాగా ఉపయోగపడుతోంది. గోడకి కొట్టి, చొక్కా తగిలిస్తున్నాను.

పైన వంటింటి కిటికీ తెరిచే ఉంది. నేను కట్ట మీద నిలబడి నాకు నేను ఫోను చేసుకుంటున్నంతసేపూ మీ అక్క అక్కడే నిలబడి చూసింది. నవ్విందో లేదో ఇంత దూరం నుంచి తెలియలేదు. నవ్వి ఉంటే బాగుండును.

బావ


నా గది
మే 6

బావా,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు.

నిన్న ఆఫీసుకి ఒక అట్టపెట్టె వచ్చింది. లోపల పాత చీర ముక్కల్లో చుట్టిన ఆరు సీసాలు, మీద అక్క చేతిరాతతో తేదీలు. ఒక చీటీ కూడా ఉంది. అందులో రెండే మాటలు: "సీసాలు కడిగినవే." పెద్ద ఇంజనీరుగారు వాటిని కిటికీలో వరసగా పెట్టించారు. ఫిబ్రవరిది కాస్త మసకగా ఉంది. కిందటి ఆదివారానిది టీ రంగులో ఉంది. ఆయన చాలాసేపు చూసి, ఇవన్నీ ఒకే కట్టవా అని అడిగారు.

సీసాలు మా మనిషి పట్టినవి కావు కాబట్టి వాటిని చూసి కుంట ఖాళీ చెయ్యమని ఆర్డరు వెయ్యలేమట. మా మనిషిని పంపాలంటే నీ ముందు పదహారు కట్టలున్నాయి. నీ వంతు జులైలో వస్తుంది. అప్పటికి వానలు మొదలై నెల దాటుతుంది. ఈలోపు తూము ఎత్తి నీళ్ళు వదలగలిగేది యజమాని ఒక్కడే.

కట్ట లోపల బొరియ పడితే పైకి ఏమీ కనిపించదు, నీకు తెలియంది కాదు. చివరిదాకా నిలబడే ఉంటుంది. పోయేటప్పుడు ఒక్కసారిగా పోతుంది.

ఇరవై రెండేళ్ళుగా నువ్వేం చెప్పినా నమ్మాను. ఒక్కటే అడుగుతున్నాను. సీసాలు వదిలెయ్. నీ కళ్ళకి ఆ నీళ్ళు ఎలా కనిపిస్తున్నాయి?


నర్సరీ
మే 12

బావమరిదీ,

నీళ్ళు నీళ్ళలాగే వస్తున్నాయి. ఇప్పుడు తూము ఎత్తితే ఈ ఏడు కట్టిన అంట్లలో సగం కూడా మిగలవు. మొదటి రెండు వానలు పడ్డాక చూద్దాం.

మోకాలు బాగుంది.

బావ


పంపు షెడ్డు, మధ్యాహ్నం
మే 19

చిన్నా,

ఇది కూడా ఫైలులో పెట్టు. పదకొండో ప్రశ్నకు జవాబు దిద్దుకో. ఇద్దరు. రెండో వ్యక్తి ఆడమనిషి, వయసు యాభై ఆరు, ఆరోగ్యం బాగుంది.

ఇందాక భోజనాలయ్యాక రెండో మడత మంచం ఈడ్చుకుంటూ కిందికి వచ్చేశాను. మీ బావ ఎదురొచ్చి ఇదేమిటన్నారు. నాకూ మీ కట్ట మీద నమ్మకం కుదిరింది, ఇకనుంచి ఇక్కడే పడుకుంటానన్నాను. ఆయన ముందు దోమలున్నాయన్నారు. తర్వాత చోటు చాలదన్నారు. ఆఖరికి గోడ మీది చొక్కా లాగేసి, ఇదిగో చదువు, ఇక్కడ ఎవరూ ఉండకూడదని మీ తమ్ముడి ఆఫీసువాళ్ళే రాశారు అన్నారు. చదివాను. చొక్కా మళ్ళీ దాని మీదే వేశాను.

ఆయనకి తెలుసు చిన్నా. రోజూ తెల్లారగానే గాజుగ్లాసు పట్టుకుని ఊట దగ్గర వంగుతారు. గ్లాసు నింపి, ఎండకి ఎత్తి, చూసి పారబోస్తారు. మళ్ళీ నింపుతారు. రెండోసారి తేటగా వస్తుందేమోనని కాబోలు. నాకు కిటికీలోంచి అంతా కనిపిస్తుంది. తేట నీళ్ళని ఎవరూ రోజూ చూసుకోరు.

కట్టతోపాటు తనూ పోవడానికి ఈయన ఎప్పుడో సిద్ధపడ్డారు. ఆ లెక్కలో నన్ను వేసుకోవడం మర్చిపోయారు. వేసుకోమని వచ్చాను.

నేనేదో ధైర్యంగా వచ్చానని మీ పెద్దాయనకి చెప్పకు. నాకు చాలా భయంగా ఉంది. పక్కింటావిడ తోట గేటు దాకా వచ్చింది, ఈ ఉత్తరం ఆవిడకిచ్చి పంపిస్తున్నాను. ఇక కాసేపు కునుకు తీస్తాను. మధ్యాహ్నం నిద్ర మీ ఫారంలోకి వస్తుందో రాదో కనుక్కో.

అక్క


ఆఫీసు, మూడో అంతస్తు
మే 22

అక్కా, బావా,

మధ్యాహ్నం నిద్ర కూడా నిద్రేనట. పెద్ద ఇంజనీరుగారు ఫారంలో ఇద్దరని దిద్ది, నిలబడే సంతకం పెట్టారు.

నియమాలన్నీ గాలికొదిలేసి పొద్దుటినుంచి ఫోను చేస్తున్నాను. ఇంట్లో మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. బావ ఫోను కట్టేసి ఉంది. ఈ కవరు పోస్టులో వేసి బస్సెక్కుతున్నాను. చుట్టాలు తనిఖీకి వెళ్ళకూడదని గుమాస్తా గుర్తుచేశాడు. తనిఖీకి కాదు, మా అక్కని చూడటానికి వెళుతున్నానని చెప్పాను. ఆయన దాన్ని కూడా రాసి ఇవ్వమన్నాడు. ఇచ్చాను.


ఇల్లు
జూన్ 3

బావమరిదీ,

నువ్వు వచ్చి చూసి వెళ్ళిందే అయినా, ఫైలు కోసం మొదటినుంచీ రాస్తున్నాను. నువ్వు బస్సు దిగేసరికి తూము ఎత్తి మూడు రోజులైంది. పగలంతా ఇద్దరం అంట్లకి బావి నీళ్ళు మోస్తూ తోటలోనే ఉన్నాం, ఫోన్ల సంగతే పట్టలేదు. ఎందుకు ఎత్తానో అప్పుడు నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేకపోయాను.

మీ అక్క పడుకున్న అయిదు నిమిషాలకి నిద్రపోయింది. భయమని నీకు రాసిందట గాని, నిద్ర మాత్రం ఆపుకోలేదు. మూడు నెలలుగా పైన సరిగ్గా పడుకోలేదేమో. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. మీ ప్రణాళికలో పదిహేను నిమిషాలని ఉంది. కట్ట నుంచి షెడ్డుకి నూటపది అడుగులు. నీళ్ళు నిమిషం కూడా తీసుకోవు. ఆవిణ్ణి లేపి, చెప్పులు వేయించి, గుమ్మం దాటించడానికే రెండు నిమిషాలు పడుతుంది. నా ఒక్కడి కోసం ఈ లెక్క నేనెప్పుడూ చెయ్యలేదు.

షెడ్డులో హాయిగా పడుకుంటున్నట్టు నీకు రాస్తూ వచ్చాను. అదంతా అబద్ధం. రోజూ కట్ట వైపు చెవి పెట్టుకుని పడుకునేవాణ్ణి. నీళ్ళు మారాయని మార్చిలోనే తెలుసు. నీ ప్రశ్నకి జవాబు రాయడానికి కూర్చుని రెండు కాగితాలు చించేశాను. అన్నీ తెలిసి ఆ నాలుగు ముక్కలు రాసి పంపాను. ఫారం అడుగున ఉన్న శిక్ష ఏమిటో కనుక్కుని చెప్పు, పడతాను.

లేచి కట్ట ఎక్కి తూము చక్రం పట్టుకున్నాను. తుప్పు పట్టి కదల్లేదు. రాయితో కొట్టి తిప్పాను. ఆ చప్పుడుకి మీ అక్క లేచి పైకి వచ్చింది. అప్పుడన్నాను: "మట్టి వస్తోంది. మార్చి నుంచి వస్తోంది."

"ఎన్ని చుట్లు తిప్పాలి?" అంది.

"పదహారు."

"ఎన్నయ్యాయి?"

"నాలుగు."

మిగతా పన్నెండూ ఇద్దరం తిప్పాం. ఆ పూటే మంచాలు రెండూ పైకి చేర్చాం. వంటింట్లో కొత్తగా చుట్టరికానికి వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాను.

నువ్వు వెళ్ళాక మరో వారానికి కుంట అడుగు కనబడింది. ఇంటి బావి నీళ్ళతో వెయ్యి అంట్ల దాకా నిలబెట్టగలుగుతున్నాం. మిగతావి అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశాను, ఇవ్వలేనివి ఎండిపోతున్నాయి. అటు నేనింకా వెళ్ళడం లేదు.

నిన్న పొద్దున తూము గొట్టం పక్కన తవ్వి చూశాం. గొట్టాన్ని అంటుకుని బొరియ ఉంది. చెయ్యి పెట్టాను. భుజం దాకా వెళ్ళింది, వేళ్ళకి ఏమీ తగల్లేదు. పెద్ద వాన అక్కర్లేదు, చిన్నది చాలేది. మీ అక్క నన్ను పక్కకి జరగమని, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని తనూ చెయ్యి పెట్టింది. ఆవిడ చేతికీ ఏమీ తగల్లేదు. అలాగే చెయ్యి లోపలుంచుకునే ఏడవడం మొదలుపెట్టింది. నేను కట్ట పోయినందుకనుకుని, పోనీలే మళ్ళీ కట్టుకుందాం అన్నాను.

"మట్టి గురించి ఎవరు ఏడుస్తారండీ" అంది.

నాకు అప్పుడు తెలిసింది. నేనక్కడ పడుకున్న తొంభై అయిదు రాత్రులూ తను రేపు పొద్దున క్యారేజీ ఎవరికి కట్టాలో తెలియకుండానే గడిపింది. అయినా ఒక్కపూట కూడా మానలేదు.

ఈ పేజీకి నంబరు వెయ్యి.

బావ